అవి మా పాపవి

మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు నా టైమ్. వంటిల్లు సర్దేసి, అత్తమ్మకి బీపీ గోళీ ఇచ్చి, ఆమె నడుం వాల్చాక హాల్లో చాప మీద కూర్చుని టీవీ పెడతాను. సౌండ్ తక్కువ. గేటు చప్పుడైతే చాలు, రిమోట్ మీదున్న వేలు దానంతట అదే నొక్కేస్తుంది, తెర మీదకి ఏదో ఒక సీరియల్ వచ్చేస్తుంది.

ఏదో చూడకూడనిది చూసేదాన్నని అనుకునేరు. నేను చూసేది డోరేమాన్.

నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు నలభై మూడేళ్ళు. కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. నాలుగు కిలోల ఆవకాయ ఒంటిచేత్తో పెడతాను. అయినా ఆ నీలం రంగు పిల్లి పొట్ట దగ్గరున్న సంచిలోంచి ఇవాళ ఏం తీస్తుందా అని ఇప్పటికీ ఎదురుచూస్తాను. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం, దీన్ని దాచుకోబోయి నేను చేసిన ఒక తప్పు. ఆ తప్పు వల్ల మా మరిది పెళ్ళి సంబంధం చెడిపోయేదాకా వచ్చింది.

మొదటి నుంచి చెప్తాను.

మాది సిద్దిపేట. 1993లో నాకు పదకొండేళ్ళు. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో 'జంగిల్ బుక్' వచ్చేది. మా వాడలో రెండే టీవీలు. తలస్నానం చేయించుకుని, జుట్టు ఆరకుండానే పరుగెత్తేవాళ్ళం. అది జపాన్ వాళ్ళు గీసిన బొమ్మలని, హిందీ మాటలు ఇక్కడ పెట్టారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాకు మాత్రం మోగ్లీ పక్క ఊరి పిల్లాడే. పెద్దమనిషినయ్యాక మా అమ్మ, "ఇగ చాలు, ఆడపిల్లవి, మందిల్లకు పోయి బొమ్మలు చూసుడేంది" అని ఆపేసింది. బొమ్మలు చూడడానికి ఒక వయసుంటుందని, అది దాటితే తప్పని నాకు అప్పుడే తెలిసింది.

2003లో పెళ్ళై శామీర్‌పేట వచ్చాను. అప్పట్లో మా ఇంటి చుట్టూ ద్రాక్ష తోటలు, కోళ్ళ ఫారాలు తప్ప పెద్దగా ఏమీ లేవు. మా ఆయన పొద్దున ఎనిమిదికి బాలానగర్ డ్యూటీకి పోతే రాత్రి ఎనిమిదికి రావడం. అత్తమ్మ మంచిదే కానీ మాట తక్కువ. మామయ్య బడిపంతులు. ఆ ఇంట్లో నాతో మొదట మాట్లాడింది మా మరిది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. అందరూ చిన్నోడా అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను, ఇప్పటికీ అంతే.

బడి నుంచి రాగానే చిన్నోడు కార్టూన్ నెట్‌వర్క్ పెట్టేవాడు. టామ్ అండ్ జెర్రీ. కొత్త కోడలిని, కుర్చీలో కూర్చోవాలా వద్దా అని కూడా తెలీదు నాకు. తలుపు పక్కన నిలబడి చూసేదాన్ని. ఒకరోజు వాడే వచ్చి, "వదినా, కూసో. మాటలుండయ్, నీకు గూడ సమజైతది" అన్నాడు. అవును, ఆ బొమ్మల్లో మాటలు చాలా తక్కువ. అత్తగారింట్లో ఏ మాట ఎలా అనాలో తెలియక నోరు కట్టుకున్న నాకు, మాటల్లేకుండా నవ్వించే ఆ పిల్లీ ఎలకా పెద్ద తోడు. ఆ ఇంట్లో నేను మొదటిసారి గట్టిగా నవ్వింది ఆ పూటే. లోపల్నుంచి మామయ్య, "ఎవరది నవ్వుతున్నది?" అని అడిగితే హడలిపోయాను. ఆయన తొంగి చూసి, "మంచిగుంది, నవ్వుండ్రి" అని మళ్ళీ పుస్తకంలో తల పెట్టుకున్నారు.

ఆయన చేతిలో ఉన్నది చందమామ. మామయ్య దగ్గర పాత చందమామలు ఏడాదికో కట్ట చొప్పున బైండు చేయించి ఉండేవి. 1947 జులైలో మద్రాసులో మొదలైన పత్రిక అది. పిల్లల పత్రికే. కానీ యాభై ఎనిమిదేళ్ళ మామయ్య మడత కుర్చీలో కూర్చుని, భుజాన శవంతో విక్రమార్కుడు నడిచే శంకర్ గారి బొమ్మను తదేకంగా చూస్తుంటే ఎవరూ ఆయన్ని చిన్నపిల్లాడనలేదు. పైగా 'సార్ ఎప్పుడూ చదువుతూనే ఉంటారు' అని గౌరవంగా చెప్పుకునేవాళ్ళు. కొడవటిగంటి కుటుంబరావు గారంతటి రచయిత 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రిక పని చూశారు. పిల్లలకని రాసింది పెద్దలూ చదువుకోవడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదన్నమాట. ఇది నాకు అప్పుడు తట్టలేదు. మొన్నీమధ్యే తట్టింది.

2006లో మా చిట్టి పుట్టింది. దానికి నాలుగేళ్ళొచ్చేసరికి ఇంట్లో డోరేమాన్, ఛోటా భీమ్ మొదలు. డోరేమాన్ అప్పుడు మేం చూసేది హిందీలో. మా పిల్లకి హిందీ బడికంటే ముందు నోబితా దగ్గరే వచ్చింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం ముద్దలు పెడుతూ నేనూ చూసేదాన్ని. చుట్టాలొచ్చినా ఛానల్ మార్చే పని లేదు. "పిల్లతోని ఎంత ఓపికో" అని మెచ్చుకునేవారు కూడా. ఒక్కోసారి దాని తిండి అయిపోయి అది ఆడుకోవడానికి వెళ్ళిపోయేది, నేను ఖాళీ పళ్ళెంతో అక్కడే ఉండేదాన్ని. ఎవరైనా వస్తే, "పాప చూస్తుంటే..." అనేదాన్ని. పదేళ్ళు ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చాను.

రెండేళ్ళ కింద చిట్టి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుంటే వేలు పాత అలవాటు చొప్పున అదే ఛానల్‌కి పోయింది. ఆ రోజు వచ్చిన కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నోబితాకి చచ్చిపోయిన నాయనమ్మ కుట్టి ఇచ్చిన పాత ఎలుగు బొమ్మ దొరుకుతుంది. డోరేమాన్ దగ్గరున్న కాలయంత్రం ఎక్కి ఆమెను చూడడానికి వెనక్కి వెళ్తాడు. ఇంత పెద్దగా అయిన వాణ్ణి చూసి ఎవరైనా దొంగ అనుకుంటారు కదా. ఆ ముసలామె ఏ ప్రశ్నా వేయకుండా, నువ్వు మా నోబితావేనని నమ్మేస్తుంది. బడి సంచి వేసుకున్న మనవణ్ణి చూడాలని ఆమె కోరిక. వాడు పరుగున వెళ్ళి సంచి తగిలించుకొచ్చి చూపిస్తాడు. అప్పుడు ఆమెకి ఇంకో ఆశ పుడుతుంది, మనవడి పెళ్ళికూతుర్ని చూడాలని.

మా అమ్మమ్మ నా పెళ్ళికి మూడు నెలల ముందు పోయింది. 'నీ పెండ్లి చూసి పోతనే' అంటుండేది. చాప మీద కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాను. అదే సమయానికి పక్కింటావిడ పెరుగు తోడుకని వచ్చింది. నా కళ్ళు చూసి, టీవీ చూసి, "పాప వచ్చిందా?" అంది. లేదన్నాను. ఆమె ఏమీ అనలేదు. కానీ ఆ చూపు! తోడు తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. ఆ మర్నాటి నుంచే సౌండ్ తగ్గించడం, గేటు చప్పుడుకి ఛానల్ మార్చడం మొదలుపెట్టాను.

ఇక చిన్నోడి సంగతి. వాడు నా కళ్ళ ముందే పెరిగి, ఎం ఫార్మసీ చేసి, తుర్కపల్లి వైపు జినోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో ల్యాబులో పని చేస్తున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు. మామయ్య పోయాక అత్తమ్మ ఆసుపత్రి తిరుగుళ్ళన్నీ వాడే చూసుకుంటాడు. అలాంటి వాడికి ఒక్కటే పిచ్చి, 'వన్ పీస్' అనే జపాన్ బొమ్మల కథ. 1997లో అక్కడి వారపత్రికలో మొదలై ఇంకా నడుస్తూనే ఉందట. టీవీలో అయితే వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. మన డైలీ సీరియళ్ళ వాళ్ళు కూడా దండం పెట్టాల్సిందే! వాడి గదిలో అద్దాల అల్మారా ఒకటుంది. అందులో గడ్డి టోపీ పెట్టుకుని పళ్ళికిలించే కుర్రాడు, రెండు చేతుల్లో రెండు కత్తులు, నోట్లో ఇంకో కత్తి పట్టుకున్న వీరుడు, ఇలాంటివి పధ్నాలుగు బొమ్మలున్నాయి. ప్రతి బోనస్‌కి ఒకటి కొంటాడు. దుమ్ము వాడే తుడుచుకుంటాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు.

దానికి వాడు పడిన మాటలు ఇన్నీ అన్నీ కావు. "గీ వయసుల బొమ్మలాటలేందిరా" అని మేనత్త. "రేపు నీ కొడుకూ నువ్వూ కొట్లాడుకుంటారు" అని బావలు. ఆఫీసులో సెల్‌ఫోన్ మీద ఆ టోపీ స్టిక్కర్ చూసి 'బేబీ' అని పేరు కూడా పెట్టారట. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. వాడి తరఫున నేనూ ఏనాడూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే నా గుట్టు బయటపడుతుందని భయం.

పోయిన శ్రావణంలో మేడ్చల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి బ్యాంకులో ఉద్యోగం. తండ్రి లేడు, తల్లి టైలరింగ్ చేసి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. మేడ్చల్, శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు మీద పక్కపక్క ఎగ్జిట్లే. పెళ్ళిచూపులకి మేం వెళ్ళాం. పిల్లా పిల్లాడూ మాట్లాడుకున్నారు, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. అందరికీ నచ్చింది. తర్వాతి ఆదివారం వాళ్ళు మా ఇల్లు చూడడానికి వచ్చారు. అమ్మాయి తల్లి, మేనమామ, పిన్ని.

సర్వపిండి, పాయసం చేశాను. మాటల్లో సినిమాల ప్రస్తావన వచ్చింది. మేనమామ గారు, "మేం మహావతార్ నరసింహ చూసినం, ఇంటిల్లిపాదీ పోయినం. స్తంభంలకెళ్ళి సామి బయటికొస్తుంటే రోమాలు నిక్కబొడుచుకున్నయనుకో" అన్నారు. మేం కూడా చూశాం. మా వరుసలో ఒక పెద్దావిడ చెప్పులు విప్పి పక్కన పెట్టి మరీ కూర్చుంది. అది బొమ్మల సినిమానే కదండీ. జులై చివర్లో విడుదలైనప్పుడు మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత ముసలీ ముతకా అందరూ కదిలి వెళ్ళారు. కాసేపు హాయిగా నరసింహస్వామి గురించే మాట్లాడుకున్నాం.

తర్వాత ఇల్లు చూపిస్తూ మేడ మీదికి తీసుకెళ్ళాను. చిన్నోడి గది తలుపు తీయగానే ఎదురుగా ఆ అల్మారా. మేనమామ గారు ఆగిపోయారు. "ఇవేంది? పిలగాడు ఇంకా బొమ్మలతో ఆడుతడా?" అని నవ్వారు. పిన్ని గారు కూడా నవ్వారు. అమ్మాయి తల్లి నవ్వలేదు, నా వైపు చూసింది. చిన్నోడు నా వెనకే మెట్ల మీద ఉన్నాడు.

"అయ్యో, అవి మా పాపవి," అన్నాను.

ఎంత తొందరగా అన్నానో! ఆలోచించాల్సిన అవసరమే లేకపోయింది. పదేళ్ళు వాడిన మాట కదా, నాలుక చివరే ఉంది. "హాస్టల్‌కి పోతూ బాబాయి గదిలో పెట్టిపోయింది" అని ఇంకో అబద్ధం కూడా కలిపాను. వాళ్ళు తలూపి పక్క గదిలోకి నడిచారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి మెట్ల మీద చిన్నోడు లేడు.

వాళ్ళు వెళ్ళాక వాడు కిందికి వచ్చి ఒక్కటే అన్నాడు. "బయటోళ్ళు నవ్వుతే నాకు అలవాటే వదినా. నువ్వు దాస్తవనుకోలే. టామ్ అండ్ జెర్రీ చూసుకుంట నవ్విన వదినవు నువ్వు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మూడు రోజులకి సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఫోన్ చేసి, వాళ్ళు కొంచెం టైమ్ అడుగుతున్నారని చెప్పాడు. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పాడు. చిన్నోడు అప్పటికే ఆ అమ్మాయికి తన అల్మారా ఫోటో పంపి, ఏ బొమ్మ ఎప్పుడు కొన్నాడో అన్నీ చెప్పాడట. తల్లి ఇంటికెళ్ళి, "వాళ్ళ పాప బొమ్మలు భలే ఉన్నయే" అంటే, అమ్మాయి, "పాపవి కాదమ్మా, ఆయనవే" అందట. అంతే. ఆ తల్లి అన్న మాట ఇది. "బొమ్మలకు నాకేం బాధ లేదు. గింత దానికే అబద్ధమాడితే రేపు పెద్ద విషయాల్ల ఎన్ని దాస్తరో."

నేను దాచింది వాడి పరువు కాపాడదామని. పోగొట్టింది కూడా అదే.

తర్వాత భాద్రపదం, పితృపక్షాలు. పెళ్ళి మాటలెత్తే రోజులు కావు. ఆ నెలంతా నాకు ఆలోచించుకోవడమే పని. చిన్నపిల్ల ఒళ్ళో ఉంటే అదే కార్టూన్, అదే నేను, 'ఎంత ఓపిక' అన్నారు. ఒళ్ళో పిల్ల లేకపోతే 'మతి పోయిందా' అన్నట్టు చూశారు. దేవుడి కథ అయితే బొమ్మల సినిమాకి చెప్పులు విప్పుతాం. చందమామ అయితే సార్ చదువుకుంటున్నారంటాం. అంటే బొమ్మల మీద ఎవరికీ కోపం లేదు. పిల్లల కోసమనో, భక్తి కోసమనో, చదువు కోసమనో ఒక సాకు ఉండాలి. పెద్దవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, ఏ సాకూ లేకుండా ఊరికే తమ సంతోషం కోసం ఒక గంట కూర్చోవడమే మింగుడు పడదు. ఇంత బతుకూ మనం అందరి కోసం చేసేవే కదా. మన కోసం ఒకటుందని చెప్పుకోవడానికి కూడా సిగ్గే.

ఆ సిగ్గుతోనే కొన్ని సంగతులు వెతికి తెలుసుకున్నాను. టామ్ అండ్ జెర్రీ 1940లో పుట్టిందే సినిమా హాళ్ళ కోసం. అసలు సినిమాకి ముందు వేసేవారు, పెద్దా చిన్నా అందరూ చూసి నవ్వేవారు. దానికి ఏడు ఆస్కార్లు వచ్చాయి. డోరేమాన్‌ని 2008లో జపాన్ విదేశాంగ శాఖ తమ కార్టూన్లకి రాయబారిగా పెట్టుకుంది. అదే ఏడాది టీవీలోకి వచ్చిన ఛోటా భీమ్ అయితే మన హైదరాబాద్ పిల్లాడే. 2001లో రాజీవ్ చిలక గారు ఇక్కడ పెట్టిన గ్రీన్ గోల్డ్ అనే సంస్థ వాళ్ళు చేసిందే. ఆ లడ్డూలు తినే పిల్లాణ్ణి గీసేవాళ్ళంతా టిఫిన్ డబ్బా కట్టుకుని ఆఫీసుకెళ్ళే పెద్దవాళ్ళు. వాళ్ళు గీస్తే ఉద్యోగం, మనం చూస్తే పిచ్చి! ఇది అనుకున్నప్పుడు నాకే నవ్వొచ్చింది.

సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్' అనే జపాన్ బొమ్మల సినిమా తెలుగులో కూడా వచ్చింది. చిన్నోడు స్నేహితులతో వెళ్తున్నాడని తెలిసి గుమ్మం దగ్గర నిలబడి, "నన్నూ తీసుకుపోతవా?" అని అడిగాను. వాడు చాలా సేపు నా మొహం చూశాడు. "మొదటి నుంచి చూడలే కదా, నీకు సమజ్ కాదు వదినా" అన్నాడు. "అప్పుడు నాకేం సమజైందని టామ్ అండ్ జెర్రీ చూసిన?" అన్నాను. నవ్వు ఆపుకుంటూ బండి తాళం తీశాడు.

హాలు కిక్కిరిసి ఉంది. పొడుగు చారల కోట్లు వేసుకున్న కుర్రాళ్ళు, మెడలో కంపెనీ ఐడీ కార్డులతో వచ్చిన అమ్మాయిలు. కథ నాకు సగం అర్థం కాలేదు. కానీ మధ్యలో ఒక రాక్షసుడి గతం చూపించారు. మనిషిగా ఉన్నప్పుడు వాడు జబ్బు పడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లాడు. అప్పటిదాకా ఈలలు వేసిన హాలు నిశ్శబ్దమైపోయింది. పక్కన చూస్తే చిన్నోడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. మామయ్య చివరి ఏడాది డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు తీసుకెళ్ళింది వీడే. ఆయన పోయిన రోజు అందరి ముందూ వీడు ఏడవలేదు. ఏడవడానికి వాడికి ఇక్కడ చోటు దొరికిందా అనిపించింది. నేనేమీ మాట్లాడలేదు, చేతిరుమాలు ఇచ్చాను.

దసరా మర్నాడు జమ్మి ఆకు తీసుకుని మేడ్చల్ వెళ్ళాను. మా ఆయనకి మాత్రం చెప్పాను. అత్తమ్మ అడిగితే ఆమెకీ చెప్పాను. "తప్పు జేసినవు, పోయి ఒప్పుకో, బంగారం చేతుల పెట్టు" అంది. మా వైపు దసరాకి జమ్మి ఆకు పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళకి మొక్కుతాం, మనసులో ఏమన్నా ఉంటే అక్కడితో తీసేసుకుంటాం.

అమ్మాయి తల్లి మిషన్ మీద ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, "అక్కా, ఆ రోజు అబద్ధమాడింది నేను. మా మరిదికి అందులో పాత్ర లేదు. వాడు మీ అమ్మాయికి ముందే నిజం చెప్పుకున్నాడు" అన్నాను. ఆమె మౌనంగా వింది. "ఎందుకాడినవమ్మా మరి?" అని అడిగింది.

"ఎందుకంటే నేను కూడా చూస్తాను," అన్నాను. ఆ మాట బయటికి అనడం నాకదే మొదటిసారి. డోరేమాన్, అమ్మమ్మ, పక్కింటావిడ చూపు, పాప వంక పెట్టి పదేళ్ళు చూడడం, అన్నీ చెప్పేశాను. చెప్తుంటే ఎంత తేలికైపోయానో.

ఆమె కాసేపు గుడ్డ ముక్కలు మడత పెడుతూ కూర్చుంది. "నా పెద్ద బిడ్డ మొగడు రాత్రంతా ఫోన్ల గేములు ఆడుతడమ్మా. పిల్లకు జొరమొచ్చినా లేవడు. గందుకే అల్మారా చూసి దడ పుట్టింది నాకు. ఇతనూ గంతేనేమోనని."

ఆ భయం న్యాయమైనదే. ఆడపిల్ల తల్లిగా నాకూ ఉంటుంది. అందుకే బొమ్మల్ని వెనకేసుకు రాలేదు. నేను చూసింది చెప్పాను. వాడి జీతంలో ఇంటికి ఎంత ఇస్తాడో, బొమ్మలకి ఎంత పెడతాడో చెప్పాను. ఎపిసోడ్ మధ్యలో అత్తమ్మ దగ్గితే ఆపి లేచి నీళ్ళిస్తాడని చెప్పాను. "మనిషి ఏం చూస్తడని కాదక్కా, పిలిస్తే లేస్తడా లేదా చూడాలె. మావాడు లేస్తడు" అన్నాను. ఎప్పుడొచ్చిందో, అమ్మాయి లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వాళ్ళమ్మ అటు చూసి, "ఈమె గూడ చూస్తదమ్మా, అన్నం తినుకుంట. షిన్‌చాన్ అంట, నెత్తి నొప్పి" అంది. అమ్మాయి సిగ్గుపడి లోపలికి పోయింది. లోపల్నుంచి నవ్వు మాత్రం వినిపించింది.

వెంటనే ఏమీ తేల్చలేదు ఆమె. పంపించేటప్పుడు బొట్టు పెట్టి, "గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోవు గద" అంది. అవును, అయిపోయేది.

కార్తీకంలో నిశ్చితార్థం జరిగింది. మధ్యలో మూఢాలొచ్చాయి కాబట్టి పెళ్ళి ఫాల్గుణంలో. మేనమామ గారు నిశ్చితార్థం రోజు కూడా, "కట్నం కింద బొమ్మలియ్యాల్నా ఏంది" అని ఒక జోకు వేశారు. ఈసారి నేను ఊరుకోలేదు. "ఇయ్యుండ్రి అన్నయ్యా, నరసింహస్వామిది గూడ ఒకటి కలిపి ఇయ్యుండ్రి, పక్కపక్కన పెడతం" అన్నాను. ఆయనే ముందు నవ్వారు. లోకమంతా మారిపోదు లెండి. చిన్నోణ్ణి ఆఫీసులో ఇంకా 'బేబీ' అనే అంటున్నారట. కానీ ఇంట్లో వాడి వెనక ఒక మనిషి నిలబడిందని వాడికి తెలుసు. అది చాలనుకుంటా.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి గేటు చప్పుడైంది. అలవాటు కొద్దీ వేలు రిమోట్ మీదికి పోయింది. బలవంతాన తీసేశాను. పక్కింటావిడ, కరివేపాకు కోసం. తెర మీద నోబితా మళ్ళీ సున్నా మార్కులు తెచ్చుకుని ఏడుస్తున్నాడు. ఆవిడ టీవీ వైపు చూసి, నా వైపు చూసి అదే ప్రశ్న అడిగింది.

"పాప వచ్చిందా?"

"లేదండీ, నేనే చూస్తున్నా. కూర్చోండి, చాయ్ పెడతా."

ఒక్క నిమిషం తటపటాయించి, చెప్పులు విప్పి వచ్చి సోఫా చివర కూర్చుంది. నేను చాయ్ తెచ్చేసరికి ఆవిడ అడుగుతోంది, "ఇంతకీ ఆ పిల్లి సంచిలో ఏముందండీ?"